పదో తరగతిలో సగం పోయిన పాఠం: స్లైగో నుంచి కాకినాడ దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది కొంచెం సరిచేసి ఇక్కడ రాస్తున్నాను. డ్యూటీ టైములో వినడం కుదరనివాళ్ళు, క్యాంపులో నెట్ సరిగ్గా రానివాళ్ళు చదువుకోవచ్చు. రికార్డింగ్‌లో వెనక గాలి హోరు చాలా వచ్చింది, ఏమీ అనుకోకండి. ఐర్లండ్ పడమటి ఒడ్డున స్లైగోలో గాలి లేని రోజు దొరకడం కష్టం.

విషయం మా అక్క కూతురితో మొదలైంది. 2023లో అది పదో తరగతిలోకి వచ్చింది. కాకినాడలో కేంద్ర సిలబస్ బడి. ఒక ఆదివారం వీడియో కాల్‌లో రెండు పుస్తకాలు చేత్తో పట్టుకుని చూపించింది. ఒకటి తన సైన్సు పుస్తకం, ఇంకోటి వాళ్ళన్నయ్య కొన్నేళ్ళ కింద చదివిన పాత పుస్తకం.

"మావయ్యా, అన్నయ్య పుస్తకంలో ఈ పాఠం పేరు హెరెడిటీ అండ్ ఎవల్యూషన్. నా దాంట్లో ఉత్త హెరెడిటీ. సగం ఏమైపోయింది?"

నాకేం తెలుసు? నేను పది పాసై ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసినవాణ్ణి. కువైట్‌లో తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఇక్కడ సూపర్‌వైజర్‌ని. కాంక్రీటు గురించి అడిగితే చెబుతాను. డార్విన్ గురించి నాకు గుర్తున్నదల్లా "కోతి నుంచి మనిషి వచ్చాడంట" అని క్లాసులో మేము నవ్వుకోవడమే. "కనుక్కుని చెబుతా అమ్మలూ" అని ఫోన్ పెట్టేశాను. కనుక్కోవడానికి చాలా నెలలు పట్టింది. తీగ లాగితే అటు నేను ఉండే ఊరి దాకా, ఇటు మా కాకినాడ దాకా వచ్చింది.

మట్టి జాడీ వెనక ఉన్న పెద్దాయన

ముందు స్లైగో సంగతి. ఊరి నుంచి బల్లినా వైపు ఎన్59 రోడ్డు మీద వెళ్తుంటే స్క్రీన్ అనే చిన్న పల్లె వస్తుంది. చర్చి, సమాధులు, పచ్చిక, గొర్రెలు. 1819 ఆగస్టు 13న అక్కడి ప్రొటెస్టెంట్ చర్చి పాస్టరు గారింట్లో ఒక పిల్లాడు పుట్టాడు. పేరు జార్జ్ గేబ్రియల్ స్టోక్స్.

ఈ పేరు మీరు విని ఉండకపోవచ్చు గానీ ఆయన లెక్క మీద మనం పనిచేస్తూనే ఉన్నాం. సైట్‌లో ఇసుక లోడు వస్తే గాజు జాడీలో నీళ్ళు పోసి, ఇసుక వేసి, బాగా కుదిపి పక్కన పెడతాం కదా. ముందు ఇసుక దిగుతుంది, దాని మీద ఒండ్రు పొర పేరుకుంటుంది, జిగురుమట్టి గంటల తరబడి నీళ్ళలో తేలుతూనే ఉంటుంది. పెద్ద రేణువు త్వరగా, చిన్న రేణువు మెల్లగా ఎందుకు దిగుతుందో, ఎంత వేగంతో దిగుతుందో 1851లో లెక్క కట్టి ఇచ్చింది స్టోక్స్. ల్యాబులో మట్టికి చేసే హైడ్రోమీటర్ పరీక్షకు ఇప్పటికీ ఆ సూత్రమే ఆధారం.

అంతటితో ఆగలేదు. 1847లో ఇంగ్లండ్‌లో డీ నది మీద రైలు వంతెన కూలింది. ఆ తర్వాత, బరువైన రైలు వేగంగా వెళ్తే వంతెన ఎంత వంగుతుందో ఆయన లెక్కలు వేశాడు. 1879లో టే వంతెన గాలివానలో రైలుతో సహా పడిపోయాక, కట్టడాల మీద గాలి ఒత్తిడి ఎంత ఉంటుందో తేల్చే కమిటీలోనూ ఉన్నాడు. కేంబ్రిడ్జిలో న్యూటన్ కూర్చున్న లుకేసియన్ కుర్చీలో 1849 నుంచి 1903లో చనిపోయే వరకు ఆయనే. మధ్యలో రాయల్ సొసైటీకి అధ్యక్షుడు కూడా అయ్యాడు.

అంత పెద్ద శాస్త్రవేత్త డార్విన్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గాడు. 1859లో డార్విన్ పుస్తకం వచ్చింది. విశ్వాసం తరఫున ఆ కాలపు సైన్సును పరీక్షించాలని 1865లో లండన్‌లో విక్టోరియా ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంఘం పెట్టారు. 1886 నుంచి చనిపోయేదాకా స్టోక్స్ దానికి అధ్యక్షుడు. మనిషి, మనసు, జీవం అన్నీ పరిణామంతోనే వివరించేయవచ్చు అనే మాట ఆయన ఒప్పుకోలేదు. సృష్టిలో దేవుడి ఏర్పాటు కనిపిస్తుందని ఉపన్యాసాలు ఇచ్చాడు.

ఈ మాట ముందే ఎందుకు చెప్పానంటే, డార్విన్‌ని కాదన్నవాళ్ళందరూ చదువు లేనివాళ్ళని అనుకోకూడదు. స్టోక్స్ లాంటివాడికే ఇది మింగుడుపడలేదు. కాబట్టి మా అత్తయ్యకి మింగుడుపడకపోతే నేను ఆవిడ మీద నవ్వను.

ఉద్యోగం ఊడిన సర్వేయరు

రెండో మనిషి మనలాంటివాడు. జాన్ టిండాల్. 1820లో కార్లో జిల్లాలో పుట్టాడు. తండ్రి కానిస్టేబుల్. పెద్ద చదువుకి డబ్బు లేదు. 1839లో సర్కారు వారి ఆర్డ్‌నెన్స్ సర్వేలో చేరి కొలతలు, డ్రాయింగులు చేశాడు. అంటే నా ట్రేడే. అక్కణ్ణించి ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌కి పంపారు. అక్కడ ఐరిష్ పనివాళ్ళకి జీతమూ తక్కువ, మర్యాదా తక్కువ. టిండాల్ నోరు విప్పి అడిగాడు, రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాడు. 1843లో తీసేశారు.

గల్ఫ్‌లో పనిచేసిన మనకి ఈ కథ కొత్తదా? జీతం అడిగినవాణ్ణి ముందు పంపించడం 180 ఏళ్ళ కిందా ఉంది.

ఆ తర్వాత రైల్వే లైన్లకి సర్వే చేసి నాలుగు డబ్బులు వెనకేసుకుని, జర్మనీ వెళ్ళి చదువుకుని, లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతాయని 1859లో ప్రయోగం చేసి చూపించింది ఈయనే. ఈ రోజు భూమి వేడెక్కుతోంది అని మాట్లాడే ప్రతి మాట వెనకా ఆ సర్వేయరు ఉన్నాడు.

1874 ఆగస్టులో బెల్‌ఫాస్ట్‌లో పెద్ద శాస్త్రవేత్తల సభ జరిగింది. ఆ ఏడాది అధ్యక్షుడు టిండాల్. లోకం ఎలా ఏర్పడింది, జీవం ఎలా మారింది అన్న ప్రశ్నలు ఇక సైన్సువే, మతం ఆ పొలం ఖాళీ చేయాలి అన్న అర్థంలో మాట్లాడాడు. ఐర్లండ్ అంతా మండిపోయింది. ప్రొటెస్టెంట్ పాస్టర్లు తిట్టారు. కొన్ని వారాల్లో కేథలిక్ బిషప్పులు ఖండిస్తూ ఉమ్మడి లేఖ రాశారు. మా పిల్లల చదువు మా చేతిలోనే ఎందుకు ఉండాలో ఇప్పుడైనా తెలిసిందా అని ఆ గొడవనే సాక్ష్యంగా చూపించారు.

అందరూ టిండాల్ మాటల్నే గుర్తుపెట్టుకున్నారు గానీ నాకు నచ్చింది వేరే. దానికి ముందటేడు, 1873లో, డబ్లిన్ కేథలిక్ యూనివర్సిటీ విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి బిషప్పులకే ఒక అర్జీ పెట్టుకున్నారు. మాకు ఇక్కడ సైన్సు చెప్పడం లేదు, చెప్పించండి, లేకపోతే మేము బయటి పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా చదువుకుంటాం అన్నది దాని సారం. వాళ్ళు నాస్తికులు కారు, ఆ మతం పిల్లలే. టిండాల్ కూడా ఆ అర్జీ గురించి ప్రత్యేకంగా చెప్పాడు.

రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి "సగం ఏమైపోయింది?" అని అడిగిన మా అమ్మాయి నాకు ఆ అర్జీలో కనిపించింది. పెద్దవాళ్ళు ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో పోట్లాడుకుంటారు. పుస్తకం తెరిచేది పిల్లలు.

మరి ఇప్పుడు ఐర్లండ్‌లో?

మీరు అనుకోవచ్చు, ఇంత చర్చి పట్టు ఉన్న దేశంలో డార్విన్ బడిలోకి వచ్చాడా అని. ఇప్పటికీ ఇక్కడ పది ప్రైమరీ బడుల్లో దాదాపు తొమ్మిది కేథలిక్ చర్చి ఆధ్వర్యంలోనే నడుస్తాయి. జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, పెత్తనం మాత్రం చర్చిది. సీటు ఇవ్వడానికి బాప్తిస్మం ఉందా లేదా అని కేథలిక్ ప్రైమరీ బడులు చూసే పద్ధతిని 2018 చట్టంతో తీసేశారు. మా అబ్బాయిని బడిలో వేసేటప్పుడు నాకు తెలిసిన సంగతి ఇది.

కానీ పరిణామం మీద గొడవ ఇక్కడ చల్లారిపోయింది. ఒక కారణం, కేథలిక్ చర్చి తనే మెల్లగా దారి ఇచ్చింది. శరీరం పరిణామం గురించి పరిశోధించడానికి అభ్యంతరం లేదని 1950లో పోప్ రాశారు, ఆత్మ మాత్రం దేవుడే ఇస్తాడన్నారు. 1996లో ఇంకో పోప్, ఇది ఒట్టి ఊహ కంటే ఎక్కువే అన్నారు. రెండో కారణం సిలబస్. 2016 నుంచి హైస్కూలు మొదటి మూడేళ్ళలో చెప్పే కొత్త సైన్సులో ప్రకృతి వరణం ఉంది. అంటే సైన్సు తీసుకున్న పిల్లలకి పదిహేనేళ్ళు వచ్చేలోపే ఈ పాఠం అందుతుంది. ఆ తర్వాత వాడు వడ్రంగి అయినా, ఎలక్ట్రీషియన్ అయినా, డాక్టరైనా, ఒకసారి విని ఉంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అమెరికాలో అయితే కోర్టుల దాకా పోయింది. 1925లో టెన్నెసీ రాష్ట్రంలో స్కోప్స్ అనే కుర్ర టీచరు పరిణామం చెప్పాడని కేసు పెట్టి 100 డాలర్లు జరిమానా వేశారు. పై కోర్టు దాన్ని సాంకేతిక కారణంతో కొట్టేసింది గానీ ఆ చట్టం మాత్రం 1967 దాకా ఉంది. పరిణామానికి పోటీగా మత సృష్టి కథను సైన్సు పేరుతో ప్రభుత్వ బడిలో చెప్పకూడదని 1987లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

కాకినాడకి వచ్చిన దేహం

ఇక మన వైపు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డార్విన్ సిద్ధాంతాన్ని గణితంతో బలపరిచిన ముగ్గురు నలుగురిలో ఒకడు జె.బి.ఎస్. హాల్డేన్, ఇంగ్లండ్‌వాడు. 1957లో దేశం వదిలేసి కలకత్తా వచ్చి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. పంచె, లాల్చీ వేసుకుని తిరిగేవాడు. తర్వాత భువనేశ్వర్ వెళ్ళాడు. ఆయన శిష్యుల్లో ఒకడు మన పిఠాపురం వాడు, ద్రోణంరాజు కృష్ణారావు. 1964 డిసెంబర్ 1న హాల్డేన్ చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం ఇచ్చేశారు. ఎక్కడికో తెలుసా? కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి.

నేను చదివిన ఐటీఐ కూడా కాకినాడలోనే. రంగరాయ ముందు నుంచే ఎన్నోసార్లు సైకిల్ మీద వెళ్ళాను. పరిణామ శాస్త్రంలో అంత పెద్ద మనిషి మా ఊరికి వచ్చి ఆగాడని నాకు ఎవరూ చెప్పలేదు. స్లైగోలో కూర్చుని తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు దశావతారాల మాట. చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు, ఆ తర్వాత మనుషులు. ఇది పరిణామమే కదా అని మనవాళ్ళు చాలామంది అంటారు. ఈ పోలిక నిన్నా మొన్నా పుట్టింది కాదు. డార్విన్ పుస్తకం వచ్చాక 1877లో దివ్యజ్ఞాన సమాజం బ్లావట్స్కీ, 1882లో బెంగాల్‌లో కేశవ చంద్ర సేన్ ఇలాంటి మాటే అన్నారు. హాల్డేన్ కూడా ఈ వరుస వెన్నెముక జంతువుల చరిత్రను కొంత పోలి ఉందని సరదాగా గమనించాడు.

పోలిక వరకు నాకు ఏ ఇబ్బందీ లేదు. పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది కూడా. కానీ పోలిక వేరు, పాఠం వేరు. అవతారం అంటే భగవంతుడు తన ఇష్టంతో దిగి రావడం. పరిణామం అంటే ఎవరి ఇష్టమూ లేకుండా, పుట్టిన పిల్లల్లో ఉండే చిన్న చిన్న తేడాల్లో, ఆ చోట బతకడానికి పనికొచ్చినవి తర్వాతి తరానికి ఎక్కువగా మిగలడం. పైగా పరశురాముడూ రాముడూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నారు. ఒకరి నుంచి ఇంకొకరు మారి వచ్చారని పురాణం కూడా అనలేదు కదా. మన పురాణానికి దాని గౌరవం దానికుంది, దాన్ని సైన్సు పరీక్షలో కూర్చోబెట్టి మార్కులు వేయించడం దానికే చిన్నతనం. ఇది నా అభిప్రాయం.

కానీ పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళే ఈ గీత చెరిపేశారు. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖలో సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, డార్విన్ సిద్ధాంతం తప్పు, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు, బడుల్లో ఇది మార్చాలి అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండించాయి. ఆయన పైమంత్రి కూడా అలాంటి మాటలు వద్దని చెప్పారు. మరుసటేడు 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో, అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ గారు డార్విన్ కంటే దశావతారాలు మెరుగైన సిద్ధాంతమని పిల్లల ముందు చెప్పారు. మన విశాఖ యూనివర్సిటీ పేరు ఆ రోజు ప్రపంచమంతా వినబడింది, అలా వినబడినందుకు నాకు బాధగా ఉంది.

"ఎవరూ చూడలేదు" అన్నదానికి మాత్రం సైట్ మనిషిగా నా దగ్గర జవాబు ఉంది. కాంక్రీటు లోపల గట్టిపడటం ఎవరు చూశారు? పోసిన రోజే క్యూబులు తీసి, నీళ్ళలో పెట్టి, 28వ రోజు మిషన్‌లో పెట్టి పగలగొడతాం. అంకె వస్తుంది. దాని మీద నమ్మి పది అంతస్తులు లేపుతాం. కంటితో చూడనిదాన్ని ఆనవాళ్ళతో తేల్చడమే మన పని. డార్విన్ తర్వాతివాళ్ళు చేసిందీ అదే. ఇంకో మాట, కోతి మనిషిగా మారిందని సైన్సు చెప్పనే లేదు. మనకీ మన పెదనాన్న మనవడికీ ఒకే ముత్తాత ఉంటాడు. ఆయన మనమూ కాదు, వాడూ కాదు. కోతికీ మనకీ సంబంధం అలాంటిది, కాకపోతే ఆ ముత్తాత కోట్ల ఏళ్ళ వెనక ఉన్నాడు.

సగం పాఠం ఎవరికి పోయింది

ఇప్పుడు అమ్మలూ ప్రశ్నకి వస్తున్నాను. కరోనా ఏళ్ళలో పిల్లల మీద బరువు తగ్గించడానికని కేంద్ర సిలబస్‌లో కొన్ని పాఠాలు పక్కన పెట్టారు. తర్వాత 2023-24 కోసం అచ్చు వేసిన పదో తరగతి పుస్తకంలో వాటిని తీసేశారు. పరిణామం, శిలాజాలు, మనిషి పరిణామం, అన్నీ పోయి అనువంశికత ఒక్కటే మిగిలింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు సంతకాలు పెట్టి ఇది తప్పని బహిరంగ లేఖ రాశారు.

ప్రభుత్వం వైపు జవాబు ఏమిటంటే, పాఠం ఎక్కడికీ పోలేదు, పన్నెండో తరగతి బయాలజీలో ఉంది, ఇష్టమున్నవాళ్ళు చదువుకోవచ్చు అని. అది నిజమే. పన్నెండులో ఉంది. పిల్లల మీద బరువు ఎక్కువైందన్న మాటా నిజమే, మా అమ్మాయి సంచీ నేనే ఎత్తి చూశాను.

కానీ అన్నా, మనలో పన్నెండో తరగతి బయాలజీ చదివినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. పది అయ్యాక నేను ఐటీఐకి వెళ్ళాను. మా రూమ్‌లో ఒకడు వెల్డింగ్‌కి, ఒకడు డ్రైవింగ్‌కి, ఇంకొకడు పదిలోనే ఆగి ముంబై ఏజెంటు దగ్గరికి. ఇంటర్‌కి వెళ్ళినవాళ్ళలోనూ ఎంపీసీ, సీఈసీ వాళ్ళకి బయాలజీ ఉండదు. అందరూ కలిసి ఒకే బల్ల మీద కూర్చునే చివరి క్లాసు పది. అక్కడ తీసేసి పన్నెండులో పెట్టామంటే, డాక్టరు అయ్యేవాడికి ఉంచి మనకి తీసేశారన్నమాట. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఐర్లండ్‌లో పదిహేనేళ్ళలోపు చెబుతారని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

"మేస్త్రీకి, రైతుకి డార్విన్ ఎందుకయ్యా" అంటారా? మా మామగారి కథ వినండి.

ఆయనది గుంటూరు వైపు, పత్తి రైతు. మన దేశంలో బీటీ పత్తి 2002లో వచ్చింది. పురుగుని చంపే గుణం మొక్కలోనే ఉంటుంది. 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాల చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్ళు. దాన్ని చేను చుట్టూ వేయాలి. మా మామగారు, ఊళ్ళో చాలామంది, ఆ చిన్న ప్యాకెట్ పారేశారు. పురుగు తినే పత్తిని కావాలని ఎవడు వేస్తాడు, నేల దండగ అని.

ఆ చిన్న ప్యాకెట్ ఎందుకో పరిణామం తెలిస్తేనే అర్థమవుతుంది. లక్ష పురుగుల్లో ఒకటో రెండో పుట్టుకతోనే బీటీని తట్టుకునేవి ఉంటాయి. చేనంతా బీటీయే వేస్తే మిగతావన్నీ చచ్చి ఆ రెండే మిగులుతాయి, వాటికవే జతకట్టి అలాంటి పిల్లల్నే కంటాయి. చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బతికి ఉంటాయి, తట్టుకునేవి వాటితో కలుస్తాయి, మొండితనం పలచబడుతుంది. చుట్టూ వరసలు వేయలేదు. మెల్లగా గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడింది. మందు మీద మందు కొట్టారు. చివరికి కాయ విప్పితే లోపల పురుగు.

మా మామగారు మోసపోయానని ఇప్పటికీ విత్తనాల కంపెనీలని తిడతారు. వాళ్ళ తప్పు లేదని నేను అనను. కానీ ఆ చిన్న ప్యాకెట్ మీద రాసిన నాలుగు ముక్కలు అర్థం కావడానికి కావలసిన పాఠం ఒక్కటే. ఆయన చదివింది ఏడు. ఆయన మనవడు పది చదువుతాడు. ఆ పదిలో కూడా ఆ పాఠం లేకపోతే వాడూ ప్యాకెట్ పారేస్తాడు. దోమల మందు పనిచేయకపోవడం, రొయ్యల చెరువులో మందులు పనిచేయకపోవడం, ఆసుపత్రిలో యాంటీబయాటిక్ పనిచేయకపోవడం, అన్నిటికీ మూలం ఇదే పాఠం.

రాయిలో పువ్వు

చివరిగా, అమ్మలూకి నేను ఏం చెప్పానో చెప్పి ముగిస్తాను.

స్లైగోకి ఉత్తరాన గ్రేంజ్ అనే ఊరు దగ్గర స్ట్రీడా అనే సముద్రతీరం ఉంది. 1588లో మూడు స్పెయిన్ యుద్ధనౌకలు మునిగిన చోటు. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఒక చివర నల్లటి సున్నపురాయి పలకలు బయటపడతాయి. వాటి నిండా బొటనవేలంత లావున, కొన్నిచోట్ల జానెడు పొడవున, వంకర తిరిగిన కొమ్ముల్లాంటి అచ్చులు. అడ్డంగా కోసినట్టున్న చోట చూస్తే బండి చక్రం ఆకుల్లా గీతలు. మాతో పనిచేసే ఉద్దానం కుర్రాడు మొదటిసారి చూసి "రాయిలో పువ్వులేంటన్నా" అన్నాడు. అవి పగడాలు. ముప్ఫై కోట్ల ఏళ్ళకి పైగా వయసు. ఈ చలి దేశం ఒకప్పుడు భూమధ్యరేఖ దగ్గర వెచ్చటి సముద్రం అడుగున ఉండేది.

అక్కణ్ణించి వీడియో కాల్ చేశాను. గాలికి సగం మాటలు వినబడలేదు. కెమెరా రాయి దగ్గర పెట్టాను. "ఈ పగడాల జాతి ఇప్పుడు ఎక్కడా లేదమ్మా. దక్షిణాన కెష్ అనే కొండ గుహల్లో 1901లో తవ్వితే ఎలుగుబంట్లు, రెయిన్‌డీర్ ఎముకలు దొరికాయి. అవీ ఇప్పుడు ఈ దేశంలో అడవిలో లేవు. ఒకప్పుడు ఉన్నవి పోయాయి, లేనివి వచ్చాయి. ఎందుకు, ఎలా అన్నదే నీ పుస్తకంలో పోయిన సగం" అన్నాను.

కాసేపు చూసి అంది, "మరి పరీక్షలో రాదు కదా మావయ్యా."

"రాదు. చదువుకో."

అన్నయ్య పాత పుస్తకం అమ్మేయొద్దని అక్కకి చెప్పాను. తెలంగాణలో ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. ఈసారి సెలవుకి వచ్చినప్పుడు దాన్నీ మా అబ్బాయినీ తీసుకెళ్ళి చూపిస్తానని మాట ఇచ్చాను. నమ్మేది నమ్మకపోయేది వాళ్ళు పెద్దయ్యాక వాళ్ళ ఇష్టం. స్టోక్స్ తెలిసి కాదన్నాడు, టిండాల్ తెలిసి అవునన్నాడు. తెలియకుండా ఉంచడం మాత్రం ఎవరి హక్కూ కాదు.

మీ ఇంట్లో పదో తరగతి పిల్లలు ఉంటే ఈ వారం ఫోన్‌లో మార్కుల మాట ఒక్కరోజు పక్కన పెట్టి, ఆ పాఠం వాళ్ళ పుస్తకంలో ఉందో లేదో అడగండి. మీ పొలంలోనో చెరువులోనో మందు పనిచేయకుండా పోయిన అనుభవం ఉంటే మామూలు నంబరుకి వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. హెల్మెట్ పెట్టుకోండి, నీళ్ళు తాగుతూ ఉండండి. ఉంటాను.